నడుముకు కట్టని తాడు

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. గుడ్ ఫ్రైడే నాటకంలో ప్రభువును డబ్బుకు పట్టిచ్చిన యూదా వేషం వేసినవాడే యేసుప్రభువు వేషం వేసినవాడి నడుముకు తాడు కట్టాలి. ఎవరో పెద్దలు కూర్చుని పెట్టిన నియమం కాదిది. యూదా సిలువ సీనుకు ముందే చచ్చిపోతాడు కాబట్టి ఆ సమయానికి ఖాళీగా ఉండేది వాడొక్కడే. మిగతావాళ్ళంతా సైనికులుగానో, ఏడ్చే ఆడవాళ్ళుగానో స్టేజీ మీద ఉంటారు. అందుకని యూదా గబగబా తెర వెనక్కి పోయి, సిలువ వెనక నిలబడి, చెక్కకున్న రెండు బెజ్జాల్లోంచి తాడు లాగి ముడివేసి, నాటకం అయ్యేదాకా ఆ కొస పట్టుకుని ఉంటాడు. మనిషి బరువంతా ఆ తాడు మీదే. చూసేవాళ్ళకు ఈ సంగతి తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు.

సూళ్లూరుపేటలో మా చర్చివాళ్ళు నన్ను హెబ్రోను అని పిలవరు, యూదా అంకుల్ అంటారు. స్టేషన్ రోడ్డులో నా జిరాక్స్ కొట్టుకు వచ్చే కాలేజీ పిల్లలు కూడా "యూదా అంకుల్, ఆధార్ రెండు కాపీలు" అంటారు. నాకు కోపం రాదు. నా చదువు పదో తరగతి దగ్గరే ఆగిపోయింది గానీ ఆ వేషంలో నేను చెప్పే మాటలు, ఈ నాటకం మొదలుపెట్టిన మా నాయన రాసినవి. నాణేలు విసిరేసి, ఒంటరిగా నిలబడి, యూదా తనను తానే నిలదీసుకునే సీను అది. అది చెబుతున్నప్పుడు గేటు దగ్గర శనక్కాయలమ్మే అతను కూడా పొట్లం చుట్టడం ఆపి వింటాడు. ఈ మాట గొప్పకు రాయడం లేదు, మీరే వచ్చి చూడొచ్చు.

యేసు వేషం మా తమ్ముడు కిషోర్ బాబుది. మనిషి పొడుగు, గొంతు మెత్తన, గడ్డం దానంతట అదే వస్తుంది. ఈ సంవత్సరం డైరెక్షన్ కూడా వాడికే ఇచ్చారు. వాడికి యూట్యూబులో ఒక చానల్ ఉంది. పాటలు, దేవుడు చేసిన మేళ్ళు చెప్పుకునే సాక్ష్యాలు, చర్చి పండగలు అన్నీ పెడతాడు. ఈసారి నాటకం మొత్తం లైవ్‌లో వెళ్ళాలని పట్టుబట్టాడు. ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాసాలు, అదే లెంటు రోజులు, మొదలైన వారంలోనే చర్చి వరండాలో అందరినీ కూర్చోబెట్టి, ఫోన్ చూస్తూ కొత్త స్క్రిప్టు చదివాడు.

నా సీను వచ్చింది. వచ్చినట్టే వెళ్ళిపోయింది.

"ఏందిరా, అయిపోయిందా?" అన్నాను.

"ఒక్క నిమిషానికి తెచ్చినా అన్నా."

"నిమిషంలో వాడు చావడానికే టైము చాలదు గదరా!"

అందరూ నవ్వారు. కిషోర్ కూడా నవ్వాడు గానీ ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "ఫోన్లో చూసేవాళ్ళు ఆగరన్నా. వేలు పెట్టి పైకి తోసేస్తారు."

"ఇక్కడికొచ్చి కూచునేవాళ్ళు తొయ్యరు గదా."

"ఇక్కడ కూచునేవాళ్ళకు మన కత అంతా తెలుసు. తెలీనోళ్ళ కోసం చేస్తుండాం."

వాడి మాటలో అబద్ధం లేదు. నేను కూడా రోజూ కొట్టులో కూర్చుని వేలితో తోసేవాణ్ణే. ఒకడు వంట చేస్తుంటాడు, పోపు వేసేలోపే నేను ఇంకొకడి దగ్గరికి పోతాను. అయినా ఇంటికి పోయి పడుకుంటే మా నాయన మాటలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. కోసిన మాటలు కోయని మాటలకంటే బాగా గుర్తుంటాయని అప్పుడే తెలిసింది.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ రాసేవాణ్ణి కాదు.

గుడ్ ఫ్రైడే వారానికి ముందొచ్చే మట్టలాదివారం ఇంకా రాకముందే, ఒక రిహార్సల్‌కు కొత్త సిలువ దిగింది. మా పాత సిలువ మామిడి చెక్కది, పొట్టిది. ఇది ఇనప పైపులు వెల్డింగ్ పెట్టి, పైన చెక్క పలకలు బిగించింది. చర్చి పిట్టగోడ కంటే ఎత్తుంది. డాబా మీంచి తీస్తే వెనకాల ఆకాశం తప్ప ఇంకేమీ కనపడకూడదని కిషోర్ అట్టా చేయించాడు. నేను వెనక్కి పోయి చూశాను. బెజ్జాలు లేవు.

"తాడు ఎట్టా కట్టేదిరా?"

"తాడు లేదన్నా ఈసారి."

వాడు ఫోన్ తీసి పోయినేడు నాటకం వీడియో చూపించాడు. వాడి నడుము దగ్గర నేను వేసిన ముడి, గుడ్డ పక్కనుంచి, బొటనవేలంత కనిపిస్తోంది. కింద కామెంట్లన్నీ నవ్వే బొమ్మలే. "ప్రభువుకు సీటు బెల్టా బ్రదర్" అని ఎవడో రాశాడు. దానికింద ఇంకా అట్లాంటివే.

"నేను ప్రాణం పెట్టి చేసినా. జనాలు చూసింది ఆ ముడిని," అన్నాడు. వాడి గొంతులో బాధ నిజమైనదే. సంవత్సరం నుంచీ మోస్తున్నాడని అప్పుడు తెలిసింది. "అందుకే చేతులకు మాత్రం కడతారు, అదీ వల నైలాన్ దారంతో. కెమెరాలో కనపడదు."

పులికాటు సరస్సు జాలర్లు వలలు అల్లే దారం అది. గాజులాగా ఉంటుంది. చేపలకే కనపడదు, ఇక కెమెరాకేం కనపడుతుంది. వేలికి చుట్టి లాగి చూశాను, చర్మం తెల్లబడి గీత పడింది.

"బరువు చేతుల మీదకొస్తే మణికట్లు కోసకపోతాయిరా."

"బరువెందుకొస్తాది? కాళ్ళకింద పీట ఉంది గదా."

"కాలు జారితే?"

"ఎందుకు జారతాది?"

"జారదని రాసిచ్చినారా నీకు? నడుముకు తాడు లేకుండా నిన్ను అంతెత్తున నిలబెట్టేది నేను ఒప్పుకోను."

సైనికుల వేషాలేసే కుర్రాళ్ళంతా చుట్టూ ఉన్నారు. కెమెరాలు చూసుకునే ఫ్రెడ్డీ ఉన్నాడు, సెల్‌ఫోన్ల షాపులో పని చేస్తాడు. ఆడవాళ్ళు వరండాలో పాట ప్రాక్టీసు ఆపి ఇటే చూస్తున్నారు. కిషోర్ నా చేతిలోంచి ఆ దారం తీసుకున్నాడు.

"తాడు గురించి కాదన్నా నీ బాధ. నీ సీను కోసినానని కుళ్ళు. అది చెప్పు ముందు."

నేను ఏదో అనబోయాను. ఏమన్నా అది కుళ్ళులాగే వినిపిస్తుందని అర్థమైంది. చెప్పులేసుకుని వచ్చేశాను.

మరుసటి రోజు సంఘ పెద్ద మాల్యాద్రి గారి పచారీ కొట్టుకు పోయాను. తాడు సంగతి ఆయన చెవిన వేస్తే ఆయన చెప్పినట్టు కిషోర్ వింటాడని నా ఆలోచన. ఆయన నన్ను దూరం నుంచే చూసి, కొట్టు ముందున్న నలుగురికీ వినపడేట్టు "రావయ్యా యూదా! ఈ రోజు ఎవర్ని పట్టిచ్చేదానికి వచ్చినావు?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ప్రతిసారీ వేసే జోకే. ప్రతిసారీ నేనూ నవ్వేవాణ్ణి. ఆ రోజు మాత్రం ఒక బట్టల సబ్బు కొనుక్కుని ఇంటికొచ్చాను.

"సబ్బెందుకయా? ఇంట్లో రెండుండాయి," అంది నా భార్య ఎలిశబెతు.

చెప్పాను. ఆమె బియ్యం చెరగడం ఆపి విన్నది.

"నువ్వు వేషం మానుకుంటావా?"

"మానుకుంటా. ఆ నిమిషానికి నేనెందుకు?"

"నువ్వు మానుకుంటే కిషోరు చెప్పిందే నిజమైపోతాది. పో. పోయి ఆ నిమిషం చెయ్యి. అక్కడుండు."

మా ఇంటి తోడికోడళ్ళిద్దరూ రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటారు. కిషోర్ భార్య డెబోరా ఆ సాయంత్రం ఈమెతో ఏదో చెప్పి ఏడ్చింది. ఏమందని అడిగితే "ఆయన ఇనడం లేదక్కా అంటుండాది" అని మాత్రం చెప్పింది ఎలిశబెతు.

శుక్రవారం సాయంత్రం ఎండ ఇంకా పూర్తిగా పోకముందే నాటకం మొదలుపెట్టారు, వెలుతురు బాగుండాలని. చర్చి పక్క ఖాళీ స్థలంలో కుర్చీలు చాలక జనం పట్టలు పరుచుకున్నారు. నేను నా నిమిషం చేశాను. బాగానే చేశాను. చచ్చిపోయి, అలవాటు కొద్దీ తెర వెనక్కి నడిచాను. ఫ్రెడ్డీ ఎదురొచ్చాడు.

"అంకుల్, ఇక్కడ ఇంకో ఫోన్ పెట్టినాం. మీ నీడ పడతా ఉండాది. ముందుకుపోయి కూచోండి, ప్లీజ్."

అట్లా నేను ఆ వేషంతోనే, మెడకు చుట్టుకున్న గుడ్డతోనే, వచ్చి ఎలిశబెతు పక్కన పట్ట మీద కూర్చున్నాను. నాటకం జరిగేటప్పుడు సిలువను ముందు నుంచి చూడడం నాకు అదే మొదటిసారి. ఇన్నేళ్ళూ నేను చూసింది కిషోర్ వీపు.

ఎత్తారు. ఆకాశం ఎర్రగా ఉంది. నిజం చెప్పాలి, గుండె ఆగినంత బాగుంది. తాడు లేదు, ముడి లేదు. జనం ఒక్కసారిగా "స్తోత్రం" అన్నారు. పక్కటెముకల దగ్గర పెట్టిన, చక్కెర పాకంతో చేసిన రక్తం మెల్లగా తొడ మీదుగా కారుతోంది. ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో ఒకటో మాట చెప్పాడు, రెండో మాట, మూడో మాట. నాలుగోది అరిచాడు. చిన్నపిల్లలు ఏడుపు మొదలుపెట్టారు.

ఐదో మాట రావాలి.

రాలేదు.

నేను వాడి కాళ్ళు చూశాను. పాకం పాదాలదాకా వచ్చి పీట మీద మడుగు కట్టింది. కుడికాలి బొటనవేలు పీట కోసం తడుముతోంది. దొరికింది, మళ్ళీ జారింది. ఎడమకాలు అప్పటికే గాల్లో ఉంది. భుజాలు చెవుల దాకా పైకొచ్చాయి. నోరు తెరిచి ఉంది గానీ గాలి లోపలికి పోతున్నట్టు లేదు. తల ఒక పక్కకు వాలింది.

"అబ్బా, ఎంత బాగా చేస్తుండాడో!" అంది వెనక ఎవరో పెద్దావిడ, ముక్కు చీదుకుంటూ.

ఎలిశబెతు చేతిలో ఫోన్ ఉంది, లైవ్ చూస్తోంది. కామెంట్లు వరదలాగా పైకి పోతున్నాయి. సూపర్ యాక్టింగ్ బ్రదర్. కన్నీళ్ళు ఆగడం లేదు. దండం పెట్టే చేతులు, ఏడ్చే మొహాలు. నవ్వే బొమ్మ ఒక్కటి కూడా లేదు.

కింద నలుగురు సైనికులు బల్లేలు పట్టుకుని, నేర్పినట్టే, జనం వైపు చూస్తూ నిలబడ్డారు. వెనక్కి తిరిగి చూడాలని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

నేను లేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఒకవేళ అది నటనే అయితే వాడి నాటకాన్ని నాశనం చేసినవాణ్ణవుతాను. సీను కోసినందుకు కుళ్ళుతో స్టేజీ ఎక్కాడంటారు. కాళ్ళు మరోసారి చూశాను. వేళ్ళు తడమడం మానేశాయి.

ఆడవాళ్ళ మధ్యలోంచి తొక్కుకుంటూ పరిగెత్తాను. స్టేజీ ఎక్కగానే ఒక సైనికుడు బల్లెం అడ్డం పెట్టి, పెదాలు కదలకుండా గుసగుసలాడాడు.

"అంకుల్, మీరు చచ్చిపోయినారు! పోండి!"

వాణ్ణి తోసేశాను. సిలువ కిందికి దూరి, కిషోర్ రెండు పాదాలు నా భుజాల మీదికి తీసుకుని నిక్కి నిలబడ్డాను. ముందు ఏమీ కాలేదు. తర్వాత పైనుంచి ఊపిరి లోపలికి పోయిన చప్పుడు వినపడింది, పాత సైకిల్ పంపు లాగినట్టు. వాడి కాలివేళ్ళు నా భుజం కండను పట్టుకున్నాయి.

"నిచ్చెన! నిచ్చెన తెండిరా!" అని అరిచాను. నా వేషంలో అట్లాంటి మాట లేదు. జనంలో సగం మంది లేచి నిలబడి చేతులెత్తి ప్రార్థన చేస్తున్నారు. ఫ్రెడ్డీ కొత్త సీను అనుకుని నా మొహం దగ్గరికి జూమ్ చేశాడు. తెర ఎవరు వేశారో, ఎప్పుడు వేశారో నాకు తెలియదు.

శనివారం ఉదయానికి ఆ ముక్క ఒక్కటి కత్తిరించి ఎవరో పెట్టారు. నేను నిద్ర లేచేసరికి మనుబోలు నుంచి మా బావమరిది ఫోన్. "బావా, నువ్వు ఫేమస్ అయిపోయినావు. బూతులు తిడతుండారు."

నిజమే. చచ్చిపోయిన యూదా లేచొచ్చి సిలువ మీది ప్రభువును మోయడమేంటి, ఇది ఏ బోధ, ఏ సంఘం, ఎవడీ పాస్టరు అని. హైదరాబాదులో ఒకాయన అర్ధగంట వీడియో చేసి, నా మొహం చుట్టూ ఎర్ర గీత గీసి, కడవరి దినాల గుర్తు అన్నాడు. ఇంకొకాయన దానికి జవాబుగా, యూదాకు కూడా క్షమాపణ ఉందని చెప్పిన గొప్ప నాటకం అన్నాడు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు తిట్టుకున్నారు. నేను కొట్టు తెరవకుండా కూర్చుని, ఒక్కొక్క కామెంటుకూ "అయ్యా వందనాలు, జరిగింది వేరు" అని జవాబు పెట్టాను. ఏం జరిగిందని అడిగినవాళ్ళకు మాత్రం ఏమీ పెట్టలేదు.

"చెప్పెయ్యి," అంది ఎలిశబెతు. "తాడు కట్టనియ్యలా, కాలు జారింది, అంతే గదా."

"నేను చెప్తే మళ్ళా కుళ్ళే అంటారు."

"అనుకుంటే అనుకోనీ. నిన్ను తిడతుంటే నేను చూడలేకుండా ఉండాను."

"వాడి నోట్లోంచి రావాల ఎలిశబెతూ."

"రాకపోతే?"

కిషోర్‌ను రాత్రే ఆస్పత్రికి తీసుకుపోయారు. భుజం కీలు పక్కకు జరిగిందట, మణికట్లకు కుట్లు పడ్డాయట. డెబోరా ఫోన్ చేసి చెప్పింది. "గోడకు తిరిగి పడుకోనుండాడక్కా. అన్నం తినలా. ఫోను ముట్టుకోలా." నన్ను గురించి ఏమైనా అన్నాడా అని ఎలిశబెతు అడిగింది. "ఏం అనలేదక్కా."

మధ్యాహ్నం మాల్యాద్రి గారు, పాస్టర్ సుశీల్ కుమార్ అయ్యగారు ఇద్దరూ ఇంటికొచ్చారు. మాల్యాద్రి గారు ఈసారి జోకు వెయ్యలేదు.

"కాలు జారితే జారింది. అక్కడ నలుగురు సైనికులుండారు గదా. ఆ వేషంతో నువ్వెందుకు ఎక్కినావయ్యా?"

"వాళ్ళు చూడలేదండీ."

"నీ సీను పోయిందని నీకు బాధుందంట గదా. పిల్లలంతా చెప్తుండారు."

అయ్యగారు మధ్యలో కల్పించుకున్నారు. "హెబ్రోను గారూ, ఎవరూ మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. ఇప్పటికే సంఘానికి పేరు పోతా ఉంది, మనిషి ప్రాణం మీదికొచ్చిందని బయటికి తెలిస్తే ఇంకా పోతాది. రేపు ఆరాధనలో, లైవ్ ఉన్నప్పుడు, ఆవేశంలో అట్టా చేసినాను, క్షమించండి అని ఒక్క మాట చెప్పండి. చాలు."

ఎలిశబెతు కాఫీ గ్లాసులు బల్ల మీద పెట్టిన చప్పుడుకు అయ్యగారు ఉలిక్కిపడ్డారు.

"చెప్పకపోతేనండీ?" అన్నాను.

"వచ్చే సంవత్సరం నుంచి నాటకమే ఉండదు," అన్నాడు మాల్యాద్రి గారు. "ఇన్ని మాటలు పడి ఎవడు చేస్తాడు?"

వాళ్ళు పోయాక లెక్క వేసుకున్నాను. నేను క్షమాపణ చెబితే నాటకం ఉంటుంది. కానీ అందరూ నేను కుళ్ళుతో చేశానని అనుకుంటారు, మళ్ళీ తాడు లేకుండానే ఎవడో ఒకడు ఎక్కుతాడు. చెప్పకపోతే మా నాయన మొదలుపెట్టింది నా చేతుల్లో ఆగిపోతుంది. నిజం చెబితే నా తమ్ముణ్ణి అందరిముందూ పట్టిచ్చినట్టవుతుంది. ఆ పని చేసినవాడి వేషం ఇరవై ఏళ్ళుగా వేస్తున్నాను, అందులో ఏముందో నాకు తెలుసు.

ఈస్టర్ ఆరాధనకు తెల్లచొక్కా వేసుకుని పోయాను. చర్చి నిండిపోయింది. మగవాళ్ళ వైపు గోడ పక్కన చాప మీద కూర్చున్నాను. నా పక్కన ఎవరూ కూర్చోలేదు. జనం ఎక్కువైనా అక్కడ మాత్రం చోటు అట్లాగే ఉండిపోయింది. ఫ్రెడ్డీ స్టాండు మీద ఫోన్ పెట్టాడు. మామూలుగా మా లైవ్ ఎవరూ చూడరు, ఆ రోజు వేలమంది వచ్చి కూర్చున్నారట.

రెండో పాటలో కిషోర్ వచ్చాడు. చెయ్యి మెడకు వేలాడదీసి ఉంది. మణికట్లకు తెల్లని కట్లు. డెబోరా ఆడవాళ్ళ వైపు పోయింది. వాడు తలుపు దగ్గరే నిలబడ్డాడు, నావైపు చూడలేదు.

వాక్య ప్రసంగం అయ్యాక అయ్యగారు మైకు పట్టుకుని, "సాక్ష్యాలు చెప్పేవాళ్ళు రావచ్చు," అన్నారు. ముందువరసలోంచి మాల్యాద్రి గారు వెనక్కి తిరిగి, నావైపు తల ఊపాడు. నేను మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేవబోయాను. ఏం చెప్పాలో అప్పటికి కూడా నాకు తెలియదు.

కిషోర్ నాకంటే ముందు నడిచాడు. ఎడమచేత్తో మైకు తీసుకున్నాడు.

"అందరికీ వందనాలు," అన్నాడు. ఆ మెత్తని గొంతు లేదు, బొంగురుపోయింది. "యేసు వేషానికి నడుముకు తాడు కడతారు. మీకు తెలీదు. మా అన్న కడతాడు. ఈసారి నేనే వద్దన్నా. కెమెరాలో కనపడతాదని. కాలు జారితే ఏంజేస్తావని అన్న అడిగినాడు. నీకు కుళ్ళు అని చెప్పినా, అందరి ముందరా."

ఫ్రెడ్డీ చెయ్యి ఫోన్ వైపు పోయింది.

"ఉండనీ ఫ్రెడ్డీ."

ఫ్రెడ్డీ చెయ్యి తీసేశాడు.

"ఊపిరి లోపలికి పోలా నాకు. మీరంతా స్తోత్రం అంటుంటే వినపడతానే ఉండాది. బాగా చేస్తుండానని అనుకుంటుండారు మీరు. కాళ్ళు చూసినవాడు ఒకడే." ఇంకా ఏదో ఉందని అందరం చూశాం. లేదు. మైకు అయ్యగారి చేతికిచ్చాడు.

ఎవరూ ఆమెన్ అనలేదు. ఆడవాళ్ళ వైపు ఎవరో గట్టిగా ముక్కు చీదారు. మాల్యాద్రి గారు చేతిగుడ్డ తీసి కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

కిషోర్ తిరిగి తలుపు దగ్గరికి పోలేదు. గోడవారగా నడిచి నా చాప దగ్గరికొచ్చాడు. కూర్చోవాలంటే ఒక చెయ్యి ఆనించాలి. వాడికి ఒక చెయ్యి మెడకు వేలాడుతోంది, రెండోదాని మణికట్టుకు కుట్లు. అట్లాగే నిలబడ్డాడు.

"కొంచెం జరగన్నా," అన్నాడు.

నేను జరిగాను. జరిగి, వాడి నడుము చుట్టూ చెయ్యి వేసి, మెల్లగా కిందికి దించాను.